ఒక్క కుర్చీ ఆట

మార్చి 2

ఉత్తర్వు చేతికొచ్చింది. కొండల్లో కొత్తగా కడుతున్న విత్తన నిధికి నన్ను అధికారిగా వేశారు. మూడేళ్లు. వస్తున్నదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి.

ఇన్నేళ్లూ పరీక్షశాలలో తడిపిన అద్దుడు కాగితాల మీద గింజలు పరచడం, ఎన్ని మొలిచాయో చూడటం, ఎవరి సంచికో చీటీ రాసి పంపడం, ఇదే నా పని. ఇకమీదట ఏ గింజను దాచాలో, ఎంత చలిలో దాచాలో, ఎప్పుడు బయటికి తీయాలో నేను చెప్పాలి. దీనికోసం ఎన్నాళ్లు కాచుక్కూర్చున్నానో నాకు తెలుసు. మా ఆయనకీ తెలుసు.

సాయంత్రం యూనివర్సిటీ నుంచి రాగానే "ఏమండీ, నా వంతు వచ్చింది" అంటాను. అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

మార్చి 3

"ఏం వంతు?" అన్నారు.

మార్చి 4

నిన్న అంతకుమించి రాయలేకపోయాను. ఇవాళ పరీక్షశాలలో రెండు పళ్లేలు తారుమారు చేశాను. నా సర్వీసులో ఇదే మొదటిసారి.

జరిగింది ఇక్కడ రాసి పెట్టుకుంటాను. రేపు ఈయన నాకే మతిమరుపు అంటగడితే నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

అమ్మాయికి అప్పటికి ఏడాది నిండలేదు. ఈయనకి పేరున్న యూనివర్సిటీలో పరిశోధనకి పిలుపొచ్చింది. ఆ వారంలోనే నాకు ఇంకో దిక్కున ఒక విత్తన క్షేత్రంలో ఉద్యోగం వచ్చింది. రెండూ ఒకేసారి కుదరవు. ఏదో పని మీద ప్రయాణమై వెళ్తూ స్టేషన్లో చిక్కుకుపోయాం. రైలు ఆలస్యం. వెయిటింగు హాల్లో ఒకే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. పిల్ల జ్వరంతో నా భుజం మీద పడుకుని ఉంది. కాసేపు నేను కూర్చున్నాను, కాసేపు ఆయన కూర్చున్నారు. అలా మారుతూ మారుతూ ఉద్యోగాల సంగతి కూడా తేల్చుకున్నాం. ముందు ఆయన వంతు, తర్వాత నాది. నాకు పిలుపు వచ్చిన రోజున ఎదురు ప్రశ్న వేయకుండా పెట్టె సర్దుకుని నా వెంట వస్తానన్నారు. నా చేతిలో కమలాపండు తొన పెట్టి మరీ అన్నారు. నేను సరే అన్నాను.

అంతే జరిగింది. ఒక్క ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఎదురు ప్రశ్న వేయనన్న మనిషి నోట వచ్చిన మొదటి మాటే ప్రశ్న. ఒళ్లు మండిపోతోంది.

మార్చి 5

పొద్దున్న టీ తాగుతూ నాకు పాఠం చెప్పారు. ఎంత శాంతంగా చెప్పారంటే, గట్టిగా అరిచి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

"నువ్వు అబద్ధం చెబుతున్నావని నేనట్లేదు. నేనూ చెప్పట్లేదు. మనిషి జ్ఞాపకం తనకి లాభం ఉన్న వైపు వంగుతుంది. నీది నీ వైపు వంగి ఉంటుంది. నాది నా వైపు వంగి ఉండొచ్చు, కాదనను. ఎవరిది నిజమో తేల్చే దారి లేదు."

"మరేం చేద్దాం?"

"పాతది పక్కన పెట్టేద్దాం. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఏది లాభమో చూసుకుందాం."

ఇద్దరికీ కలిపి. ఆయన పుస్తకం సగంలో ఉంది. విభాగాధిపతి కుర్చీ ఈ ఏడో వచ్చే ఏడో ఆయన దగ్గరికి వస్తుంది. ఇవన్నీ తక్కెడలో ఒక వైపు. నా మూడేళ్లు ఇంకో వైపు. తూచేది ఎవరయ్యా అంటే ఆయనే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది.

ఈయన జీవితమంతా చేసిన పని ఇదే. మనుషుల్ని పిలిచి, అరల్లో విడివిడిగా కూర్చోబెట్టి, ఒకరికొకరు మాటలిచ్చుకునే ఆట ఆడిస్తారు. కొన్ని వారాలు పోయాక మళ్లీ పిలిచి, ఎవరు ఎవరికి ఏమన్నారో అడుగుతారు. ఎదుటివాడు తనకిచ్చిన మాట ప్రతివాడికీ పొల్లుపోకుండా గుర్తుంటుంది. తను ఎదుటివాడికి ఇచ్చిన మాట సగం అరిగిపోయి ఉంటుంది. అబద్ధం ఎవరూ చెప్పరు, నిజంగానే మర్చిపోతారు. "మరుపు కూడా ఒక ఎత్తే, కాకపోతే ఎత్తు వేసినవాడికి ఆ సంగతి తెలియదు." ఈయన ఈ మాట అంటే ఎక్కడెక్కడివాళ్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఇంటికొచ్చి చెబితే నేనూ మురిసిపోయాను. అది తిరిగి తిరిగి నా వంటింట్లోకే వస్తుందని అనుకోలేదు.

మామూలు మగవాడు మాట తప్పితే దెబ్బలాడి కడిగేయొచ్చు. ఈయన తప్పిన మాటకి సిద్ధాంతం ఉంది, దాని వెనక పట్టికలున్నాయి. ఎవరితో పోట్లాడను?

మార్చి 7

ప్లంబర్ ఇవాళ కూడా రాలేదు. "మేడం, ఇవాళ కుదర్లేదు, రేపో ఎల్లుండో వస్తా" అని ఫోన్ చేశాడు. పర్లేదులే, సర్దుకుంటాం అన్నాను. కుళాయి కింద బకెట్ నిండుతూనే ఉంది.

అప్పుడే రెండో ఫోన్లో అమ్మాయి ఉంది. వినేసింది. "అమ్మా, నువ్వు పేరు మార్చుకుని 'పర్లేదులే' అని పెట్టేసుకో. మీ ఆఫీసులో కూడా అలానే పిలుస్తారు" అంది. నవ్వాను.

తర్వాత సంగతంతా చెప్పాను. మీ నాన్న ఇలా అంటున్నారు, నువ్వే చెప్పు అన్నాను.

"నాకెలా తెలుస్తుందమ్మా? అప్పుడు నాకు జ్వరం అంటున్నావుగా."

"వేళాకోళంగా ఉందా నీకు?"

"లేదమ్మా. ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నువ్వు వెళ్లాలనుకుంటున్నావా, నాన్న రావాలనుకుంటున్నావా?"

రెండూ ఒకటే కదే అన్నాను. ఒకటి కాదమ్మా అంది. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేవు.

మార్చి 9

ఆయన అక్కగారు వచ్చింది, మా వదిన. తమ్ముణ్ణి మందలిస్తుందని నేనే కబురు పెట్టాను.

"వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. వాడికొచ్చిన మార్కులు గుర్తుంటాయి, వాడు పగలగొట్టిన అద్దం గుర్తుండదు. ఆ అద్దం నేనే పగలగొట్టానని ఇప్పటికీ అంటాడు. మా నాన్న నన్ను కొట్టాడు కూడాను" అంది. ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త టీ పోశాను.

ఆ కప్పు పూర్తయ్యేసరికి, "అయినా ఈ వయసులో నీకెందుకమ్మా ఈ పరుగు? వాడికి నీళ్లు కాచుకోవడం కూడా రాదాయె" అంది. గోడ మీద పిల్లి. ఇటు దూకిందని సంబరపడేలోపే అటు దూకింది.

"రాకపోతే నేర్చుకుంటారు వదినా. ప్రొఫెసరే కదా" అన్నాను. ఆమె మొహం ముడుచుకుంది. మిగిలిన బిస్కెట్ తినకుండానే వెళ్లిపోయింది.

మార్చి 10

మాట్లాడుకోలేదు.

మార్చి 11

మాట్లాడుకోలేదు. పంచదార ఎక్కడుందని అడిగారు. చెప్పలేదు. ఉప్పు డబ్బా తీసి చూసి, మళ్లీ పెట్టి, పంచదార లేకుండానే తాగారు. మంచిదే, ఒంటికి కూడా మంచిది.

మార్చి 13

"శుక్రవారం విభాగంలో నా వార్షికోపన్యాసం ఉంది. ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారీ రాలేదు. ఈసారి రా. వింటే, నేను నీ మీద కోపంతో అన్న మాటలు కావవి అని నీకే అర్థమవుతుంది" అన్నారు.

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఇన్నేళ్లూ రాలేదట. ఉపన్యాసం రోజున ఇంటికి వచ్చే అతిథులకి ఎవరు వండారో, అదీ అరిగిపోయినట్టుంది. రానన్నాను.

సాయంత్రం డౌటమ్మ వచ్చింది. ఈయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. నోరు తెరిస్తే "సార్, చిన్న డౌటు" అంటుంది కాబట్టి ఈయనే ఆ పేరు పెట్టారు. ఉపన్యాసం కాగితాలకి వచ్చింది. ఆయన స్నానానికి వెళ్లారు, కూర్చోమని టీ ఇచ్చాను.

"మీరు కూడా వస్తున్నారా మేడం? ఎల్లుండి సార్ ఒక్క కుర్చీ ఆట చెబుతున్నారు. మీరు వినే ఉంటారుగా."

"ఏం ఆట?"

"అయ్యో, వినలేదా? సార్ అల్లిన ఉదాహరణల్లో అదే ఫేమస్ మేడం. ప్రతి బ్యాచికీ చెబుతారు. స్టేషన్లో ఇద్దరు మనుషులు, ఒకటే కుర్చీ. వంతులేసుకుంటారు. సార్ ఎంత బాగా చెబుతారంటే, పిల్లకి జ్వరం అన్నప్పుడు అందరికీ జాలేస్తుంది."

"పిల్లకి జ్వరమా?"

"అవును మేడం. కమలాపండు కూడా ఉంటుంది."

ఏమైంది మేడం అని అడిగింది. ఏం లేదన్నాను. నేను వస్తున్నానని సార్‌తో చెప్పమన్నాను.

మార్చి 15

జరిగింది వరసగా రాస్తాను.

నీలం చొక్కా వేసుకున్నారు. ఇస్త్రీ నేనే చేశాను. నాకు కోపం ఉంటే చొక్కా ఏం పాపం చేసింది. విభాగం పైఅంతస్తులో హాలు, కదిలితే కిర్రుమనే మడత కుర్చీలు. నేను వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. వేదిక మీది దీపాలు కళ్లలో పడి ఆయనకి నేను కనపడలేదు. కళ్లజోడు పైకి తోసుకుని వెతికారు, తర్వాత వదిలేశారు.

బాగా చెబుతారు. అది ఒప్పుకోవాలి. ఇంట్లో రెండు మాటలు పొదుపుగా వాడే మనిషి, అక్కడ చేతులు తిప్పుతూ, అటూ ఇటూ నడుస్తూ, పిల్లల్ని నవ్విస్తూ, నేనెరగని మనిషిలా ఉన్నారు. కొంచెంసేపటికి బోర్డు మీద చిన్న కుర్చీ బొమ్మ గీశారు.

"ఒక స్టేషన్ అనుకోండి. రైలు ఆలస్యం. గోడ మీద గడియారం, దానికి పెద్ద ముల్లు లేదు. కాబట్టి ఎంతసేపు ఆలస్యమో కూడా ఎవరికీ తెలీదు. సమాచారం తక్కువన్నమాట" అన్నారు. అందరూ నవ్వారు.

ఆ గడియారం సంగతి నేనే మర్చిపోయాను. ఆయన అనగానే గోడా, ముల్లు ఊడిన గుర్తూ కళ్ల ముందుకొచ్చాయి.

"మొదటి ఆటగాడు మగమనిషి. రెండో ఆటగాడు ఆయన భార్య. ఆవిడ చేతిలో జిప్పు పోయిన సంచి, తాడుతో కట్టింది. భుజం మీద పిల్ల, ఒళ్లు కాలిపోతోంది."

అది నా సంచి. తాడు నేను కట్టాను. పిల్ల నా పిల్ల.

ఏదీ వదల్లేదు. కుర్చీ వంతులు, రెండు ఉద్యోగాలు, ముందు నేను తర్వాత నువ్వు, పండు తొన చేతిలో పెట్టడం, అన్నీ చెప్పారు. మా ఆయన నాకిచ్చిన మాటను నూట యాభై మంది ముందు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్నారు, కట్టుకథ అనుకుని. నా పక్కన కూర్చున్న కుర్రాళ్లు రాసుకుంటున్నారు. ప్రతి బ్యాచికీ చెప్పారట. అంటే ఎన్ని వందల మందికి తెలుసు ఈ మాట, ఇచ్చినవాడికి తప్ప.

అప్పుడు ఆయన ఆగి, గొంతు తగ్గించి, "ఇప్పుడు రెండో ఆటగాడు ఒక మాట అంటుంది. జాగ్రత్తగా వినండి" అన్నారు. ఆడగొంతు పెట్టి అన్నారు. "'అప్పటికి మీకు కుదరకపోతే పర్లేదులెండి, నేను సర్దుకుంటాను.'"

హాలంతా గొల్లుమంది.

"చూశారా? అక్కడితో ఆట అయిపోయింది. మాట తప్పితే నాకేం నష్టమో నాకు తెలియాలి. అప్పుడే ఆ మాట నాకు గుర్తుంటుంది. ఈవిడ ముందుగానే ఏ నష్టమూ లేదని చెప్పేసింది. ఇక ఆయన మోసం చేయక్కర్లేదు. మర్చిపోతే చాలు."

నేనలా అనలేదు.

ప్రశ్నలున్నాయా అన్నారు. లేచాను. డౌటమ్మ మైకు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఆవిడ తర్వాత ఎప్పుడైనా కూర్చుందాండీ?" అన్నాను.

నా గొంతు ఆయన పోల్చుకోలేదు. "మంచి ప్రశ్న. కానీ ఉదాహరణలో మనుషులకి తర్వాత అనేది ఉండదమ్మా" అన్నారు. నన్ను అమ్మా అన్నారు. మళ్లీ నవ్వులు.

"ఉందండీ. ఆ పిల్లకి జ్వరం తగ్గింది. పెద్దదై ఉద్యోగం చేసుకుంటోంది. మొన్న ఫోన్ కూడా చేసింది."

కొందరు నవ్వారు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఆయన చేయి కళ్లకి అడ్డం పెట్టుకుని దీపాల అవతలికి చూశారు. ఈసారి కనపడ్డాను. చేతిలో మార్కర్ మూత తీస్తున్నారు, పెడుతున్నారు. నేను మైకు డౌటమ్మకిచ్చి బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే అక్కడున్న కుర్చీలన్నీ ఎత్తి కిందకి విసిరేయాలనిపించింది.

మార్చి 16

నిన్న ఇంటికొచ్చి ఆయన ఏమీ తినలేదు. ఎదురుగా కూర్చుని, "నిజంగా నేనే అల్లాననుకున్నాను" అన్నారు. "పిల్లకి జ్వరం ఎందుకు పెట్టానా అని నాకే అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. జాలి కోసం పెట్టి ఉంటాననుకున్నాను." కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం కాదు అది. ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకు తెలుసు. నా కోపం కొంచెం మెత్తబడింది కూడా. ఇక ఆ మాట అంటారని చూశాను. పెట్టె సర్దుతాను అని.

పొద్దున్న నేను గిన్నెలు కడుగుతుంటే వంటింట్లోకి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఇది ఎంత పెద్ద సంగతో తెలుసా? మాటగా మోయలేనిదాన్ని మనసు ఉదాహరణగా మార్చి దాచుకుంటుంది. వివరాలన్నీ ఉంటాయి, బాధ్యత ఒక్కటే ఊడిపోతుంది. దీని మీద ఎవరూ రాయలేదు. మనం రాద్దాం. ఇద్దరి పేర్లూ వేద్దాం."

చేతిలో గిన్నె సింకులో పడేసిన చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది.

"ఎవరి పేరు ముందు?" అన్నాను.

"మా శాస్త్రంలో అక్షర క్రమంలో వేస్తారు. అదే ఆనవాయితీ. అందులో ఎక్కువ తక్కువలేం ఉండవు."

అక్షర క్రమంలో కూడా నాది రెండోదే.

ఏమన్నానో అంతా రాయను. గట్టిగా అన్నాను. నా కడుపుమంట మీకు పరిశోధనాంశమా అన్నాను. ఇల్లు కాలుతుంటే చలి కాచుకునే మనిషి అన్నాను. ఆయన బిత్తరపోయి, "అలా కాదు, నీకు గౌరవం ఇద్దామనే..." అన్నారు. ఆ గౌరవం పొయ్యిలో పెట్టమన్నాను.

మార్చి 17

నేనలా అనలేదు.

మార్చి 18

గడియారం నిజం. సంచి నిజం. పండు నిజం. జ్వరం నిజం. ఆ ఒక్క వాక్యం మాత్రం ఆయన కల్పించారు. నవ్వు రావాలి కదా, అందుకని పెట్టారు. పిల్లలు నవ్వకపోతే ఆయనకి తోచదు.

నేనలా ఎందుకంటాను? అంటే గింటే ఆయన మొహం చిన్నబోయిందని అనాలి. లేదా మాట పుచ్చుకోగానే ఆయన్ని మరీ గట్టిగా కట్టేసినట్టుందని అనాలి. అలాంటిదేం జరగలేదు. నేను సరే అన్నాను. నాలుగో తారీఖున రాసి పెట్టాను కూడా, పైన ఉంది.

మార్చి 19

పరీక్షశాలలో ఒక సంచి గింజలు ఎన్నాళ్లయినా మొలకెత్తట్లేదు. పారేద్దామన్నారు అందరూ. నాలుగు కోసి రంగు నీళ్లలో వేశాను. లోపల ఎర్రబడ్డాయి. బతికున్న గింజకే ఆ ఎరుపు వస్తుంది. పెంకు గట్టిది, అంతే. గరుకు కాగితంతో పెంకు రుద్ది మళ్లీ పరిచాను. ఎవరితోనూ మాట్లాడకుండా రోజంతా రుద్దుతూనే కూర్చున్నాను. కోపంలో బాగా రుద్దుతానని తేలింది.

మార్చి 21

ప్లంబర్ ఫోన్ చేశాడు. ఇవాళా కుదరదట.

పర్లేదులే, సర్దుకుంటాం అన్నాను.

అని, నా గొంతు నేనే విన్నాను. అచ్చం ఆయన హాల్లో పెట్టిన గొంతే. ఫోన్ చెవి దగ్గరే ఉంది, వాడు ఎప్పుడో పెట్టేశాడు. బకెట్ పొర్లిపోయి నీళ్లు కాళ్ల కిందికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

మళ్లీ నేనే వాడికి ఫోన్ చేశాను. ఇవాళ రాకపోతే ఇంకొకర్ని పిలుస్తాను, ఇక నువ్వు రావద్దు అన్నాను. అరగంటలో వచ్చాడు. ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చాడో.

మార్చి 22

అమ్మాయికి ఫోన్ చేశాను.

"నేను వెళ్తున్నానే."

"నాన్న?"

"మీ నాన్న సంగతి మీ నాన్నది. నువ్వు ఆ రోజు అడిగావు కదా, అవి రెండూ ఒకటి కాదు."

"చలి ఎక్కువ ఉంటుందమ్మా అక్కడ, నా కోటు పంపిస్తాను" అంది. దాని కోటు నాకు పట్టదు. అయినా పంపమన్నాను.

కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఆయన మీద ఉంది. ఆ హాల్లో నవ్వినవాళ్లందరి మీదా ఉంది. నా మీదా ఉంది, ఎందుకంటే ఆయన మాట ఇచ్చారా లేదా అని ఇన్నాళ్లు తగువులాడాను. ఇచ్చి ఉంటేనే నేను వెళ్లాలా? ఇవ్వకపోతే మానేయాలా? ఉద్యోగం నాది. ఉత్తర్వు మీద పేరు నాది. ఆయన మాట ఒక్కటే చేతిలో పట్టుకుని, దాన్ని చూపిస్తే తప్ప గేటు తీయరన్నట్టు నిలబడ్డాను.

మార్చి 25

ఒప్పుకున్నట్టు సంతకం పెట్టి పంపించేశాను. పంపాకే ఆయనకి చెప్పాను. అన్నం తింటున్నవారు ఆగిపోయారు.

"నన్ను అడగలేదే" అన్నారు.

"మీకు గుర్తుండదని" అన్నాను.

చేయి కడుక్కొచ్చి, "స్టవ్ ఎలా వెలిగించాలో చూపించు" అన్నారు. చూపించాను. నీళ్లు మరుగుతుంటే గిన్నె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఏదో ప్రయోగం ఫలితం కోసం చూస్తున్నట్టు. నవ్వొచ్చింది. నవ్వు ఆయనకి చూపించలేదు.

మార్చి 31

ఆ వ్యాసం మొదలుపెట్టినట్టున్నారు. బల్ల మీద కాగితాలు చూశాను. పేరు దగ్గర ఆయన ఒక్కరిదే ఉంది. నేను వద్దన్నందుకే అలా వేసి ఉంటారు. వద్దన్నది నేనే. అయినా చూసి మండింది.

ఏప్రిల్ 7, రైల్లో

స్టేషన్‌కి వచ్చారు. పెట్టె ఆయనే మోశారు. రైలు ఆలస్యం. ఆలస్యంగా రావాలన్న సంగతి మాత్రం ఈ రైళ్లు ఎన్నేళ్లైనా మర్చిపోవు.

వెయిటింగు హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మూల ఒక్క కుర్చీ ఖాళీగా కనపడింది. ఆయన చకచకా వెళ్లి కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నారు. కూర్చున్నాక తలెత్తి నా వైపు చూశారు. అప్పుడు మొహంలో రంగు మారింది.

"లేవండి" అన్నాను.

లేచారు. నేను కూర్చున్నాను. "కాసేపయ్యాక..." అని ఏదో అనబోయి మానేశారు. రైలు వచ్చేదాకా నేను లేవలేదు. ఆయనవి మోకాళ్ల నొప్పులు. ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ నిలబడ్డారు. చూస్తూనే ఉన్నాను. జాలేసింది. అయినా లేవలేదు.

రైలెక్కాక కిటికీ దగ్గరికి వచ్చారు. "జూన్‌లో సెమిస్టర్ అయిపోతుంది. ఏడాది సెలవు పెట్టి వచ్చేస్తాను. పుస్తకం అక్కడైనా రాసుకోవచ్చు" అన్నారు. నేను అడగలేదు, ఆయనే అన్నారు. కొంచెంసేపు ఊచ పట్టుకుని నిలబడి, నా మొహంలోకి చూస్తూ, "ఒకవేళ అప్పటికి నాకు కుదరకపోతే?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. నాలుక మీదికి వచ్చేసింది కూడా. ఆయన నా పెదవుల వైపే చూస్తున్నారు, ఆ మాట కోసమే కాచుకున్నట్టు. పెదవులు బిగించి ఉంచాను. గార్డు ఈల వేశాడు.

"కుదరకపోతే నాకు కష్టంగా ఉంటుంది. కోపం వస్తుంది. అది గుర్తుపెట్టుకోండి" అన్నాను.

రైలు కదిలింది. నాలుగడుగులు పక్కనే నడిచి, ఆగిపోయారు.

ఆ రోజు ఆ మాట అన్నానో లేదో దేవుడికే తెలియాలి. ఇవాళ మాత్రం అనలేదు.